ఆఖరి డబ్బా

"ఆ కోళ్లు తాగేది ఏ నీళ్లమ్మా?"

వంటింటి కిటికీలోంచి పెరట్లోకి చూస్తూ అడిగింది ఇన్‌స్పెక్టర్ నసిమియు. సింకు కింద నుంచి బయలుదేరిన సన్నటి గొట్టం ఒకటి గోడ దాటి వెళ్లి బయట నీలం డ్రమ్ములో పడుతోంది. డ్రమ్ము పక్కన పగిలిన బేసిన్. నాలుగు కోళ్లు అందులో ముక్కులు ముంచి, తలలు పైకెత్తి గుటకలేస్తున్నాయి.

చనిపోయిన మాస్టారి భార్య వాంగెచి స్టూలు మీద కూర్చుని ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు వాటినే చూస్తోంది. "ఫిల్టరు వదిలేసే నీళ్లు. పారబోస్తే ఆయన ఊరుకునేవారు కాదు. బట్టలకూ, కోళ్లకూ అవే."

"మ్వాలిము గారు పోయిన రోజు కూడా అవే తాగాయా?"

"అవే. డ్రమ్ము కడిగి నెల దాటింది. ఈ మూడు రోజుల్లో కోళ్ల సంగతి ఎవరు చూశారు?"

నసిమియు తల ఊపింది. మ్వాలిము అంటే మాస్టారు; కామాండె లెక్కలు చెప్పేవాడు. కెన్యాలోని నకూరులో సగం మందికి కూడికలు నేర్పి, రిటైరై, ఊరి చివర ఇల్లు కట్టుకున్నాడు. మంగళవారం కడుపునొప్పితో మెలికలు తిరిగి, ఆస్పత్రి చేరకుండానే కన్నుమూశాడు. ఆయన నీళ్ల జగ్గులోనూ, కెటిల్లోనూ తెల్ల పాషాణం ఉందని లేబరేటరీ చెప్పింది. పూర్వం పశువులకు పిడుదులు పట్టకుండా నీళ్లలో కలిపిన మందులో ఉండేదే ఆ విషం. కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టర్ ముతాహి గురువారానికల్లా పక్కింటి కబుగిని లోపల వేశాడు. రెండిళ్లకూ కలిపి ఉన్న ట్యాంకులో కబుగి విషం పోశాడని రాశాడు. కోర్టులో పెట్టేముందు ఒకసారి చూసి రమ్మని పై అధికారి నసిమియుని పంపాడు.

ఆమె వచ్చింది. చూస్తోంది. అంతకుమించి ఆమెలో ఏమీ కదలడం లేదు. పోయిన నెలలో సొంత అక్కను మట్టిలో పెట్టి, అక్క కూతుర్ని వెంటబెట్టుకుని తిరిగొచ్చింది. ఏడుపు రాలేదు. రావాల్సిన చోట ఏదో మొద్దుబారిపోయింది. అన్నం తింటే రుచి తెలియడం లేదు, చల్లనీళ్లు పోసుకుంటే చలి తెలియడం లేదు. అందుకే కాబోలు, ఎదురుగా కూర్చున్న ఈ పెద్దావిడ కళ్లు పొడిగా ఉన్నందుకు ఆమెకు అనుమానమేమీ కలగలేదు.

"మీరు ఆ ఫిల్టరు నీళ్లు తాగలేదా మామా?" అక్కడ పెద్దావిడల్ని అలాగే, అమ్మా అన్నట్టు, పిలుస్తారు.

"ఏనాడూ తాగలేదు. ఆ నీళ్లు నోట్లో పోసుకుంటే ఏమీ పోసుకోనట్టుంటుంది. ఒకే ఇంట్లో రెండు కెటిళ్లు మావి. ఆయన టీ ఆయనే పెట్టుకునేవారు." వాంగెచి పెదవులు కొద్దిగా విడివడ్డాయి. ముందు పళ్లు గోధుమరంగు చారలతో ఉన్నాయి. "పుట్టినప్పట్నుంచీ బోరు నీళ్లే. పళ్లు ఈ రంగుకొచ్చేశాయి. ఇక పాడవడానికేముందమ్మా?"

నసిమియు మోకాళ్ల మీద కూర్చుని సింకు కింది తలుపు తెరిచింది. ఈ సరంజామా ఆమెకు కొత్త కాదు. అక్క కూతురికి పాలపళ్లు ఊడి కొత్తవి వస్తున్నాయి. ఈ ఊరి నీళ్లలోని ఫ్లోరైడు దాని పళ్లకు పట్టకూడదని నెల రోజులుగా ఫిల్టరు కొట్ల చుట్టూ తిరుగుతోంది. మరిగిస్తే పోదది, బొగ్గు ఫిల్టరుకూ లొంగదు. సన్నటి పొర గుండా నీటిని ఒత్తిడితో నెట్టాల్సిందే. మంచినీళ్లు పొర దాటి వస్తాయి, ఉప్పులూ విషాలూ మిగతా నీళ్లతో కలిసి బయటి గొట్టంలోకి పోతాయి.

టార్చి వేసి చూసింది. మొదటిది మట్టి పట్టే డబ్బా. లోపల దూది ఎర్రమట్టితో ముద్దయిపోయింది. తర్వాత రెండు బొగ్గువి. వాటి మీద మాస్టారు రాసుకున్న తేదీలు చెరిగిపోయాయి. వాటి పైన అడ్డంగా పొర ఉన్న గొట్టం, పక్కన మంచినీళ్లు నిలవ ఉండే గుండ్రటి చిన్న ట్యాంకు. అక్కణ్నుంచి కొళాయికి వెళ్లేముందు ఆఖరి డబ్బా. నీళ్లకు కాస్త రుచి తెప్పించడానికి ఖనిజాలు కలిపేది.

ఆఖరి డబ్బా ఒక్కటే కొత్తగా మెరుస్తోంది.

నెలనెలా మార్చాల్సిన మొదటిదాన్ని వదిలేసి, ఏడాదికోసారి మారిస్తే చాలనే ఆఖరిదాన్ని ఎవరు మారుస్తారు? అదీ లెక్కల మాస్టారు?

జేబులోంచి పెన్ను లాంటి మీటరు తీసింది. నీళ్లలో ఎంత సరుకు కరిగి ఉందో చెబుతుందది. రెండిళ్ల ట్యాంకు నుంచి వచ్చే నీళ్లలో ముంచితే ఆరువందలు దాటింది. ఆఖరి డబ్బాకు ముందున్న గొట్టం ఊడదీసి ఒక గ్లాసు పట్టి ముంచితే పాతిక కూడా లేదు. పొర బాగానే ఉంది. గొట్టం మళ్లీ తగిలించింది.

"ఈ ఆఖరిది ఎవరు బిగించారు మామా?"

"ఆయనే. ఆ అల్మరాలో నన్ను చెయ్యి పెట్టనిచ్చేవారు కాదు."

ఇంకో ప్రశ్న అడగబోయింది నసిమియు. అది నాలుక మీదికి వచ్చేలోపు వెనక బూట్ల చప్పుడైంది.

"ప్లంబరు పని ఎప్పుడు నేర్చుకున్నావు?" గుమ్మంలో ముతాహి నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, ఎర్రబారిన కళ్లు. "మామా, పోలే, ఏమీ అనుకోకండి. మళ్లీ మిమ్మల్ని విసిగిస్తున్నారు మావాళ్లు."

"ట్యాంకు నీళ్లు సీసాలో పట్టింది నువ్వేనా?" నసిమియు లేవకుండానే అడిగింది.

"నేనే. నిచ్చెన ఎక్కి, నా చేత్తో. కావాలంటే నిచ్చెన వాంగ్మూలం కూడా తీసుకో."

"కబుగి కొట్టాంలో మందు డబ్బా దొరికింది ముందా, ట్యాంకు నీళ్లు పట్టింది ముందా?"

"అదంతా రాశాను, చదువుకో."

"చదివాను. టైము వేయలేదు."

ముతాహి రెండడుగులు లోపలికి వచ్చాడు. గొంతు తగ్గించాడు. "చూడు. బోరు మ్వాలిముది. దాన్లోంచి ట్యాంకర్లకు ట్యాంకర్లు అమ్ముకుంటున్నాడు ఈ కబుగి. వచ్చే నెల నుంచి బంద్ అన్నారాయన. రోడ్డు మీద అందరూ చూస్తుండగా 'నీ నీళ్లు నువ్వే తాగి చావు' అన్నాడు వాడు. ఇంకేం కావాలి నీకు? నీళ్లు నోరు తెరిచి చెప్పాలా?"

"చెబుతున్నాయి. నువ్వు వినలేదంతే."

ఆఖరి డబ్బా చుట్టూ పోలీసు టేపు చుట్టింది. వేలిముద్రల వాళ్లు సాయంత్రం వచ్చి విప్పుతారు. అప్పటిదాకా ఎవరినీ లోపలికి రానివ్వొద్దని గేటు దగ్గర కానిస్టేబుల్‌కి చెప్పి, పెరటి డ్రమ్ము నీళ్లు ఒక సీసాలో పట్టుకుని బయటపడింది. అడగబోయిన ప్రశ్న మాత్రం ఆ స్టూలు దగ్గరే ఉండిపోయింది.

*

ఆమెను పంపిన సూపరింటెండెంట్ ఎకాల్ తన గదిలో ఎవరినీ కూర్చోమనలేదు. బల్ల మీద టీ చల్లారి మీగడ కట్టింది.

"మంచి కేసంటాడు ఇతను. కాదంటావు నువ్వు. ఒక్క మాటలో చెప్పమ్మా."

"కోళ్లు చావలేదు సార్."

ముతాహి నవ్వాడు. "సార్, నేను మనిషి చచ్చిన కేసు చూస్తున్నాను."

"నవ్వు తర్వాత," అన్నాడు ఎకాల్. "నువ్వు చెప్పు."

"ఆ ఇంట్లో ఉన్నది జల్లెడ లాంటిది సార్. ట్యాంకులో విషం ఉంటే చాలా భాగం జల్లెడ దగ్గరే ఆగుతుంది. ఆగింది ఎక్కడికి పోవాలి? వదిలేసే గొట్టంలోకి. అంటే ట్యాంకులో ఉన్నదానికంటే చిక్కగా పెరటి డ్రమ్ములోకి రావాలి. ఆ డ్రమ్ము నెలగా కడగలేదు. కోళ్లు రోజూ అదే తాగుతున్నాయి. నాలుగూ నిక్షేపంగా ఉన్నాయి. డ్రమ్ము నీళ్లు లేబరేటరీకి ఇచ్చాను. ఇందాకే ఫోన్ చేశారు. ఏమీ లేదు."

"జల్లెడ చిరిగి ఉంటుంది," అన్నాడు ముతాహి. "ముసలాయన డబ్బాలు మార్చి ఎన్నాళ్లైందో."

"మీటరు పెట్టి చూశాను. చిరగలేదు. చిరిగిందే అనుకుందాం. అప్పుడు జగ్గులో విషం ట్యాంకులో ఎంతుందో అంతే ఉండాలి, పెరగకూడదు. మరి నీ రిపోర్టులోనే ట్యాంకులో చిటికెడు, జగ్గులో దానికి కొన్ని వందల రెట్లు. జల్లెడ పట్టిన పిండి బస్తాలో ఉన్నదానికంటే ఎలా పెరిగింది ముతాహీ? నీకు లెక్కలు చెప్పింది కూడా మ్వాలిము గారే కదా."

ముతాహి ముఖంలో నవ్వు పోయింది.

ఎకాల్ ముందుకు వంగాడు. "అయితే ట్యాంకులోకి ఆ చిటికెడు ఎలా వచ్చింది?"

"ఆయన పోయాక వచ్చింది సార్. ఫిల్టరు నడుస్తున్నప్పుడు లేదు. జగ్గులోది జల్లెడ దాటాక, ఆఖరి డబ్బాలో కలిసింది."

 ఎకాల్ ముతాహి వైపు చూశాడు. "కొట్టాం సోదా పొద్దునా? నీళ్లు పట్టింది సాయంత్రమా?"

ముతాహి కిటికీ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎకాల్ ఫోనెత్తి కబుగిని వదిలేయమన్నాడు. ముతాహిని తుపాకీ అప్పగించి ఇంటికి పొమ్మన్నాడు. అరవలేదు. ఆయన అరిచి ఉంటే బాగుండేదనిపించేంత మెల్లగా చెప్పాడు.

వరండాలో ముతాహి ఆమెను ఆపాడు.

"గోటికంటిన పొడి అది. అంతే. సీసాలో వేలు పెట్టాను."

"ఎందుకు?"

"వాడే చేశాడు కాబట్టి."  "స్కూల్లో బూట్లు లేకపోతే ఆయనే కొనిపెట్టారు నాకు. నువ్వు ఆయన్ని చూడలేదు. నీకిది గొట్టాలూ డబ్బాలూ."

ఈ మాటకు కోపం రావాలి. నసిమియు లోపల వెతుక్కుంది, దొరకలేదు. "వాడే చేసి ఉండొచ్చు," అంది. "నువ్వు చేసిన పనివల్ల ఇప్పుడు నడుచుకుంటూ ఇంటికి పోతున్నాడు. నాకు ఫిల్టర్ల కొట్టు దాకా బండి కావాలి. నీది ఉందా?"

అతను జేబులోంచి తాళాలు తీశాడు.

*

ఫిల్టర్ల కొట్టు ఒబుయాది. నసిమియు పుట్టిన వైపే అతనిదీ. అందుకని ఎప్పుడొచ్చినా చుట్టరికం కలుపుతాడు.

"రా అక్కా రా! నెల నుంచి చూసి చూసి వెళ్తున్నావు. ఇవాళ కొనకుండా పంపను. ఇదిగో, ఏడు డబ్బాలది, రాత్రి నీలం లైటు కూడా వెలుగుతుంది." చెబుతూనే రెండు గ్లాసుల్లో నీళ్లు పోసి, కరెంటు కడ్డీలు ముంచాడు. బోరు నీళ్లు క్షణాల్లో బురదలా మారాయి. ఫిల్టరు నీళ్లు అలాగే ఉన్నాయి. "చూశారా సార్ మీరు తాగేది?" అన్నాడు ముతాహితో.

"ఆ బురద నీళ్లది కాదు, నీ ఇనప కడ్డీలది," అంది నసిమియు. "ఉప్పున్న నీళ్లలో కరెంటు పారి కడ్డీ కరుగుతుంది. పోయిన నెలే చెప్పాను నీకు. తీసెయ్."

ఒబుయా నాలుక్కరుచుకుని కడ్డీలు తీశాడు. "అందరికీ తెలీదు కదక్కా."

"మ్వాలిము కామాండెకి తెలుసా?"

"అయ్యో, ఆయనకా!" అతని ముఖం వాడిపోయింది. "ఆయన నన్ను గంట నిలబెట్టి పరీక్ష పెట్టారు. ఎన్ని డబ్బాలని అడగలేదు. పొర ఏ కంపెనీది, బకెట్టు మంచినీళ్లకు ఎన్ని బకెట్లు వదిలేస్తుంది, మా ట్యాంకు ఎత్తుకు ఒత్తిడి సరిపోతుందా, విడిభాగాలు ఇదే ఊళ్లో దొరుకుతాయా, ఇవే ప్రశ్నలు. ఇద్దరం ఉండే ఇంటికి లైట్లెందుకోయ్ అని మామూలుది పట్టుకెళ్లారు. ఆఖర్న వచ్చే రుచి డబ్బా కూడా మామూలుదే. ఖనిజాలది వేస్తానంటే, నాకు అన్నంలో వస్తాయిలే అన్నారు."

నసిమియు ఫోనులో తీసిన ఫొటో చూపించింది. "మరి ఇదేంటి?"

ఒబుయా కళ్లు చిట్లించి చూశాడు. "ఇది ఖనిజాలదే. నా కొట్టుదే. కొత్తగా తెప్పించాను, జంటగా వస్తాయి. ఒక్క జతే అమ్ముడుపోయింది ఇంతవరకూ." అంటూనే ఆగాడు. ఫొటో పెద్దది చేశాడు. "మూత దగ్గర చూడక్కా. ఇది ఫ్యాక్టరీ అతుకు కాదు. ఎవరో కోసి మళ్లీ జిగురు పెట్టారు."

"ఎవరు కొన్నారు?"

"చెబితే నన్నేమీ..."

"ఒబుయా!" ముతాహి బల్ల మీద అరచెయ్యి వేశాడు.

"ఆయన పక్కింటాయనే సార్. నీళ్ల ట్యాంకర్లు నడుపుతాడు, కబుగి. నాకే వింతనిపించింది. ఇంట్లో ఫిల్టరే లేదు, ఆఖరి డబ్బాలెందుకయ్యా అన్నాను. మాస్టారితో మాటా మాటా అయింది, సర్దుకుందామని కానుకగా ఇస్తున్నాను అన్నాడు. మంచి పనే కదా అనుకుని రంగు కాగితం కూడా నేనే చుట్టిచ్చాను."

ముతాహి కొట్టు గుమ్మం పట్టుకున్నాడు. 

నసిమియుకి వంటింట్లో నాలుక చివరిదాకా వచ్చి ఆగిన ప్రశ్న గుర్తొచ్చింది. ఎవరు బిగించారని అడిగింది. ఎవరు తెచ్చారని అడగలేదు. కానుక తీసుకుని కబుగి గుమ్మంలోకి వచ్చినప్పుడు ఆ ఇంట్లో ఉన్నది ఇద్దరే. ఒకాయన చనిపోయాడు. రెండో మనిషి స్టూలు మీద కూర్చుని, అడిగినదానికి మాత్రమే జవాబు చెబుతోంది. ఇక కబుగిని విడిపించింది తన లెక్కే. అతన్ని వదిలి గంటన్నర దాటింది.

ముందు గేటు కానిస్టేబుల్‌కి ఫోన్ చేసింది.

"నేను స్టేషన్‌కి వచ్చేశాను అఫాందే మేడం. ముద్దాయిని వదిలేశారు కదా, కాపలా ఎందుకని డ్యూటీ తీసేశారు."

"వేలిముద్రల వాళ్లు?"

"ఇంకా బయల్దేరలేదండీ."

ముతాహి అప్పటికే బండి స్టార్ట్ చేశాడు. నసిమియు ఎక్కుతూనే వాంగెచి నంబరు నొక్కింది. మోగుతోంది. బండి మలుపు తిరిగింది. ఇంకా మోగుతోంది. కట్ అయింది. మళ్లీ నొక్కింది.

ఈసారి ఎత్తారు.

"మామా! నేను ఇన్‌స్పెక్టర్‌ని. తలుపు గడియ వేసుకోండి. ఇంట్లో ఎవరేమిచ్చినా..."

"నమస్కారం అఫాందే." మగ గొంతు. తొందర లేదు, తడబాటు లేదు. "నేను, కబుగిని. మీ మేలు మరిచిపోలేను. మీరు లేకపోతే ఆ ముతాహి నన్ను జైల్లో పూడ్చేసేవాడు."

నసిమియు ఫోనును రెండో చెయ్యి కూడా వేసి పట్టుకుంది.   ఇన్నాళ్లుగా మొద్దుబారి ఉన్నదేదో లోపల ఒక్కసారిగా కాలింది.

"మామాకి ఇవ్వండి," అంది. తన గొంతు మామూలుగా వినిపించడం ఆమెకే ఆశ్చర్యం.

"పడుకున్నారండీ. పలకరిద్దామని వచ్చాను. పాపం, పొద్దుట్నుంచీ ఏమీ ముట్టలేదట. మాస్టారు పోయేదాకా బతిమాలినా తాగని మనిషి, ఇవాళ నేను ఆయన పేరు చెప్పి ఇస్తే గ్లాసు నిండా తాగారు. ఫిల్టరు నీళ్లు. కళ్లనీళ్లు పెట్టుకుని తాగారు."

ముతాహి యాక్సిలేటరు అదిమి పట్టాడు. ఎదురొచ్చిన మటాటు వ్యాను హారన్ కొడుతూ పక్కకు తప్పుకుంది.

"మీరు అక్కడే ఉండండి కబుగి గారూ," అంది నసిమియు. "మీతో చిన్న పనుంది."

"ఎక్కడికి పోతానండీ? కింద కొళాయి కారుతుంటే కాస్త బిగించి వెళ్తాను. మీవాళ్లు ఏదో టేపు చుట్టారు, ఊడి రావడం లేదు."

అతని మాటల వెనక, రెంచి ప్లాస్టిక్ మీద కిర్రుమని తిరుగుతున్న చప్పుడు వినిపించింది.